పొగకు ఆగిన మగ్గం

రిటైరయ్యాను అంటే మా వాళ్ళు నవ్వుతారు. నాకు ముప్పై నాలుగేళ్ళు. కానీ పదకొండేళ్ళు చేసిన పనిని పాప పుట్టబోతుందనగా వదిలేశాను. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటానన్న నమ్మకం లేదు. నా స్థానంలోకి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఈ మధ్య ఫోన్ చేసి, "అక్కా, ఈ పనిలో అసలు నేర్చుకోవాల్సింది ఏంది?" అని అడిగారు. పాపను భుజాన వేసుకుని సరిగ్గా చెప్పలేకపోయాను. అది నిద్రపోయాక దొరికే గంటలో కొంచెం కొంచెంగా ఇది రాస్తున్నాను. నాలుగు వాక్యాలకొకసారి లేచి దాని ఊపిరి చూసుకుని వస్తాను. అక్కడక్కడా తెగినట్టుంటే సర్దుకోండి.

మా ఆఫీసు వేలూరులో ఆసుపత్రి రోడ్డులో ఒక మందుల షాపు మీద మేడపైన ఉంది. పేటెంటు దరఖాస్తులు రాయడం మా పని. మనిషి కొత్తగా ఒకటి కనిపెడితే, కొన్నేళ్ళపాటు అతన్ని అడగకుండా దాన్ని ఎవరూ తయారు చెయ్యకూడదని ప్రభుత్వం ఇచ్చే హక్కే పేటెంటు. ఆ హక్కు రావాలంటే వస్తువు నిజంగా కొత్తదై ఉండాలి. అంతకుముందు ప్రపంచంలో ఎవరూ దాన్ని రాసి ఉండకూడదు, నలుగురికీ చూపించి ఉండకూడదు. కనిపెట్టినవాడే ముందుగా చూపించేసినా అది పాతబడినట్టే. ఈ చివరి మాట నాకు చట్టం పుస్తకంలో చదివినప్పుడు అర్థం కాలేదు. గుడియాత్తంలో ఒక మగ్గం ముందు నిలబడినప్పుడు అర్థమైంది.

కాదని చెప్పడం

మొదటి రెండేళ్ళూ నా పని వెతకడమే. ఎవరైనా ఒక ఆలోచన తెస్తే, అది ఇదివరకే ఎక్కడైనా ఉందా అని దేశదేశాల పాత దరఖాస్తులన్నీ కంప్యూటర్లో గాలించాలి. నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానా, తలుపు వేశానా అని రెండుసార్లు వెనక్కి వెళ్ళి చూసే రకం. ఈ పనికి ఆ గుణం పనికొచ్చింది. ఇంకొక్క పేజీ చూద్దాం, అక్కడ ఉందేమో అనే భయమే నాచేత మంచి వెతుకులాట చేయించింది.

ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ లేజర్ మీద ఒక సర్క్యూట్ తెచ్చాడు. లేజర్ అంటే పెద్ద యంత్రం అనుకోకండి. ఇది సెమీకండక్టర్ లేజర్, బియ్యపు నూకకన్నా చిన్న ముక్క. కరెంటు ఇస్తే సన్నని గీతలాంటి వెలుగు పంపుతుంది. షాపులో సరుకుల మీది గీతలు చదివే మిషన్లో ఎర్రగా వెలిగేది ఇలాంటిదే. దీనికి ఒక జబ్బు ఉంది, వేడి పడదు. వేడెక్కేకొద్దీ అదే కరెంటుకు వెలుగు తగ్గిపోతుంది. వేలూరు ఎండలో ఈ జబ్బు ఎంతదో మీరే ఊహించుకోండి. ఆయన సర్క్యూట్ ఆ వెలుగు తగ్గడాన్ని తనే కనిపెట్టి కరెంటు పెంచుతుంది. నాకు ఎంత ముచ్చటేసిందంటే, ఇది కొత్తదే అయి ఉండాలని కోరుకుంటూ వెతికాను. నేను పుట్టకముందు జపాన్‌లో రాసిన దరఖాస్తులో అదే సర్క్యూట్ కనబడింది.

ఎలా చెప్పాలో తెలియక మూడు రోజులు నాన్చాను. మా సారు దామోదరం గారు అది గమనించారు. ఆయన మా ఆఫీసు యజమాని, లాయరు. తరాల నుంచి వేలూరులో ఉన్న తెలుగు కుటుంబం. తెలుగు అక్షరాలు చదవలేరు గానీ తెలుగులో తిట్టడంలో మాత్రం ఆయన్ని మించినవాళ్ళు లేరు.

"ఏందమ్మా, ఆ కాయితాన్ని పొదిగితే పిల్ల వస్తాదా? ఆయనకి చెప్పు," అన్నారు.

"బాధపడతారు సార్."

"ఇంకో రెండేండ్లు దాని ఎనకాల తిరిగి బాధపడేదానికన్నా ఇప్పుడు పడేది మేలు గదా?"

లెక్చరర్‌ను పిలిచి ఆ కాగితం చేతికిచ్చాను. ఆయన చాలాసేపు చదివి, "బాగా చేసినాడమ్మా వీడు," అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి నేను నేర్చుకున్నది ఇది. కాదని చెప్పేటప్పుడు ఓదార్పు మాటలు వెతుక్కోకండి. కారణం చూపించండి. తెలివిగలవాళ్ళకు కారణమే ఓదార్పు.

క్యారియర్‌లో వచ్చిన వస్తువు

మునిరత్నం గుడియాత్తంలో ఫిట్టరు. ఆయన వీధిలో ఇంటికొక షెడ్డు, షెడ్డుకు నాలుగో ఆరో మరమగ్గాలు. అన్నీ లుంగీలు నేసేవే. అవి చెడిపోతే బాగుచేసే ముగ్గురు ఫిట్టర్లలో ఈయనొకడు. యాభై దాటిన మనిషి. స్టీలు టిఫిన్ క్యారియర్ తెచ్చి నా బల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల సాంబారు అన్నం ఉంటుందనుకున్నాను. పై గిన్నెలో వైర్లు, కింది గిన్నెలో చిన్న లేజర్, దానికెదురుగా వెలుగును పట్టే కన్ను.

"బస్సులో దుమ్ము పడకూడదని దీంట్లో పెట్టుకోని వచ్చినా. ఇంట్లో ఆడమనిషి ఇంకా తిడతా ఉండాది, మద్దేనం అన్నానికి క్యారియర్ లేదని," అన్నాడు.

ఆయన చెప్పింది విని, మర్నాడే బస్సెక్కి గుడియాత్తం వెళ్ళాను. ఆ వస్తువు తిరుగుతుంటే చూడకుండా దాని గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదనేది దామోదరం గారి నియమం.

షెడ్డులో మాట వినబడదు. మగ్గాన్ని అక్కడ తరి అంటారు. తరి కొట్టే ప్రతి దెబ్బకూ అడ్డదారాన్ని మోసే నాడా ఇటు నుంచి అటు దూసుకుపోతుంది, పడుగు దారాలు సగం పైకీ సగం కిందికీ ఎగురుతాయి. వేల దారాల్లో ఒకటి తెగినా, చూసుకునేలోపు గజాల కొద్దీ బట్టలో గీత పడిపోతుంది. మునిరత్నం ఆ దారాల కింద అడ్డంగా లేజర్ వెలుగు పంపాడు. తెగిన దారం వేలాడుతూ ఆ వెలుగుకు అడ్డొస్తుంది. వెంటనే మగ్గం ఆగుతుంది.

ఇంతవరకూ కొత్తేమీ లేదు. ఇలాంటివి ఇతర దేశాల్లో ఉన్నాయని నాకప్పటికే తెలుసు. అదే చెప్పాను. ఆయన తల ఊపి, కింద నుంచి గుప్పెడు దూది నుసి తీసి వెలుగు మీద చల్లాడు. షెడ్డంతా మంచులా ఎగిరే నుసే అది. మగ్గం ఆగలేదు. తర్వాత బ్లేడుతో ఒక దారం కోశాడు. ఆగిపోయింది.

"నుసికి ఎందుకు ఆగలేదన్నా?" అని చెవి దగ్గర అరిచాను.

"నుసి దానిష్టానికి అది ఎగరతాది. తెగిన దారం తరి కొట్టినప్పుడంతా ఎగరతాది. తరికి సరిగ్గా ఎగిరే నీడనే నా మిషను లెక్కలోకి తీసుకుంటాది. మిగతాదంతా చెత్త."

నేను అక్కడే నిలబడిపోయాను. అందరూ వెలుగును శుభ్రంగా, స్థిరంగా ఉంచడానికి తంటాలు పడ్డారు. ఈయన వెలుగు ఎలాగైనా ఉండనీ అన్నాడు. రేకుల కింద వేడికి లేజర్ మసకబారినా ఫరవాలేదు, ఎందుకంటే అది నిదానంగా మసకబారుతుంది. దెబ్బదెబ్బకూ ఎగిరేది ఒక్క దారమే.

రెండో సంగతి ఆయనకు ఇంకా ఇష్టమైనది. మగ్గం ఆగితే ఫిట్టర్ ఫోన్ మోగుతుంది. ముగ్గురికీ కాదు, దగ్గరున్న ఒక్కరికే. దగ్గరున్నదెవరో తెలుసుకోవడానికి మొదట జీపీఎస్ వాడాడట.

"రేకుల షెడ్డులో అది పనికిరాదమ్మా. నేను తరి కిందనే పండుకోని ఉంటే నా ఫోను నన్ను పళ్ళికొండ హైవే మీద నిలబెట్టింది," అన్నాడు.

అందుకని ప్రతి షెడ్డులోనూ బ్లూటూత్ పలికే చిన్న డబ్బా పెట్టాడు. ఫిట్టర్ ఆ షెడ్డు దాటుతుంటే అతని ఫోన్ దాన్ని విని గుర్తుపెట్టుకుంటుంది. ఇరవై ఐదేళ్ళు సందుల్లో పరుగులు తీసిన మనిషికే వచ్చే ఆలోచన అది.

రెండింటికీ కలిపి పేటెంటు కావాలి. నేసే యంత్రాలు చేసే ఒక కంపెనీ ఆయన్ని పిలిచి మాట్లాడింది. పేటెంటు దరఖాస్తు ఉంటే ఆయన పేరుతో తయారు చేస్తామంది. లేకపోతే వాళ్ళే కాదు, చూసినవాళ్ళెవరైనా చేసుకోవచ్చు, ఆయన్ని అడిగే పని లేదు. ఆయన మూడేళ్ళు సగం పని వదులుకుని చేసింది ఏమవుతుందో ఈ దరఖాస్తు మీదే ఆధారపడి ఉంది.

నా తప్పు

మా దగ్గర ఒక ఫారం ఉండేది. కనిపెట్టినవాళ్ళను నేను దాంట్లోని ప్రశ్నలు అడగాలి. మునిరత్నానికి ఇంగ్లీషు రాదు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం తమిళమే. కాబట్టి నేనే చదివి చెప్పాను. దీన్ని ఏ పత్రికలోనైనా ప్రచురించారా? లేదు. ప్రదర్శనలో పెట్టారా? లేదు. అమ్మారా? లేదు. ఎవరికైనా సాంకేతిక వివరాలు వెల్లడించారా? "అట్లాంటిదేం లేదమ్మా." నాలుగు చోట్లా 'లేదు' అని రాసుకున్నాను. ఆయన ఒక్క అబద్ధం చెప్పలేదు. నేనూ ఒక్క ప్రశ్న వదల్లేదు.

దరఖాస్తు దాదాపు పూర్తయ్యాక, బొమ్మలు గీయడానికి కొలతల కోసం ఇంకోసారి గుడియాత్తం వెళ్ళాను. మునిరత్నం భార్య కస్తూరి కాఫీ ఇచ్చింది. కొలతల కోసం తెరిచిన లేజర్ డబ్బా మూత లోపలి వైపు ఎండిపోయిన పసుపు, మూడు కుంకుమ బొట్లు కనబడ్డాయి.

"ఇదేంది వదినా?"

"పూజ ఏసినాము గదా, మొదట మిషను తిప్పిన దినం."

"ఇంట్లోవాళ్ళేనా?"

ఆమె నావైపు వింతగా చూసింది. "ఇంట్లోవాళ్ళు మాత్రమే ఉంటే అది పూజనా? మా ఈదిలో వాళ్ళంతా వచ్చినారు."

నా చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది. ఆ వీధిలో కొత్త మిషన్ ఏది వచ్చినా వీధి ముందు తిప్పకుండా వాడరు. అందరూ చూడాలి, పెద్దవాళ్ళెవరైనా చెయ్యి వెయ్యాలి, అప్పుడే దానికి దిష్టి తగలదు. చూపించకుండా మొదలుపెడితే ఏదో దాస్తున్నట్టు. దరఖాస్తుకు నెలల ముందే మునిరత్నం వీధినంతా పిలిచి, ఇదీ లేజర్, ఇదీ ఫోన్ మోగే విధం అని చెప్పి, పెద్దాయన చేత దారం కోయించి చూపించాడు. ఒకాయన వీడియో తీసి వీధి ఫోన్ల గ్రూపులో కూడా పెట్టాడు.

"అన్నా, నేను అడిగినాను గదా, ఎవరికైనా చూపించినారా అని?"

"నువ్వు ప్రదర్శన అన్నావు. ఎగ్జిబిషన్‌లో యాడ పెట్టినాను నేను?" ఆయన ముఖం ఎర్రబడింది. "మా ఈదికి చూపించకుండా యాడమ్మా మొదలుపెట్టేది? దొంగతనంగా చేసిందా ఇది?"

విషయం చెప్పాను. ఆయన మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. "మా ఈదోళ్ళు ఎవురూ నోరు తెరవరు. ఆ వీడియో తీసేయమని చెప్తా. నువ్వు రాసినట్టే పంపించు," అన్నాడు.

వేలూరు బస్సులో కూర్చుని నేనూ అదే ఆలోచించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతున్నాను. రెండు రోజులు ఆఫీసులో నోరు విప్పలేదు. ఆయన హక్కు కోసం అనుకున్నాను. నిజానికి ఫారంలో నాలుగు 'లేదు'లు రాసింది నేను కాబట్టి.

మూడో రోజు దామోదరం గారి బల్ల ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీశారు.

"ఫారం ఆయనకి చదివి వినిపించినావా, ఆయన్ని అడిగినావా?"

కళ్ళు తుడుచుకుని ఫారం ఆయన ముందు పెట్టాను.

"ఎవురెవురు చూసినారన్నా అని అడిగుంటే ఒక్క నిమిషంలో చెప్పుండును. సరే, ఏడవద్దు. వీడియో తెప్పించు."

"పరీక్ష కోసం చూపించామని చెప్పొచ్చునా సార్? దానికి సడలింపు ఉంది కదా."

"టెంకాయ కొట్టి, వడపప్పు పంచి, పరీక్ష చేసినామంటే ఎవురు నమ్మతారమ్మా?"

ముగ్గురం కూర్చుని వీడియో చూశాం. మునిరత్నం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెద్దాయన దారం కోయడం, మగ్గం ఆగడం, చప్పట్లు. మూలనున్న ఫిట్టర్ ఫోన్ మోగడం, మళ్ళీ చప్పట్లు. తర్వాత కస్తూరి సాంబ్రాణి తెచ్చింది. పొగ దారాల కిందికి వెళ్ళింది. మగ్గం ఆగింది. మళ్ళీ నడిపారు, మళ్ళీ ఆగింది. నాలుగోసారి ఆగినప్పుడు వీడియోలో ఎవరో, "తరి కూడా దండం పెడతా ఉండాదప్పా!" అని అరిచారు. వీధంతా పడీపడీ నవ్వింది.

"దీని కోసమే ఈ వీడియో వద్దన్నాను," మునిరత్నం నేలను చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు నా మానం పోయింది. పొగకీ దారానికీ తేడా తెలీని మిషనా అని పది దినాలు నవ్వినారు. ఆ ఉక్రోషంతోనే గదా, తరి దెబ్బని చూసేది కనిపెట్టినా."

దామోదరం గారు వీడియో ఆపి మెల్లగా అడిగారు. "అంటే ఆ దినం తరి దెబ్బ సంగతి దీంట్లో లేదా?"

"ఉంటే ఎందుకాగతాది సార్?"

కాగితం తీసి లెక్క రాసుకున్నాను. వీధికి తెలిసిపోయింది రెండు విషయాలు, లేజర్‌తో ఆగడం, దగ్గరి ఫిట్టర్‌కు ఫోన్ మోగడం. అసలైన ఆలోచన ఆ తర్వాత పుట్టింది. ఈసారి పేరుపేరునా అడిగాం, దాన్ని కంపెనీతో సహా ఎవరికీ చూపించలేదు. దాన్ని మాత్రం అడగొచ్చు. ఫోన్ సంగతి వదులుకోవాలి.

"అది నా పాణం సార్," అన్నాడు మునిరత్నం.

"తెలుసప్పా. రెండూ అడిగితే, ఆ వీడియో ఎవుడి చేతికైనా చిక్కిన దినం మనం అన్నీ దాచినామంటాడు. నీ మాట దేన్నీ నమ్మరు. నీ ఇష్టం."

ఆయన క్యారియర్ మూత వేసి, తీసి, వేసి, చివరికి, "దెబ్బది మాత్రం రాయండి," అన్నాడు. ఆ రోజే ఫారంలోని నాలుగు ప్రశ్నల పైన నా చేత్తో ఒకటి రాశాను. 'మొదలుపెట్టిన రోజు నుంచి దీన్ని ఎవరెవరు చూశారు, ఒక్కొక్కరి పేరు చెప్పండి.' ఇప్పుడా ఫారం మీ దగ్గరే ఉంది. ఆ ప్రశ్నను తొందరగా దాటకండి. మనుషులు తమకు రోజువారీ అయినదాన్ని చెప్పాల్సిన విషయం అనుకోరు.

విచారణ

పేటెంటు ఇవ్వకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. యంత్రాల విడిభాగాలు చేసే ఒక సంస్థ చెప్పింది. సాక్ష్యంగా వాళ్ళు పెట్టింది ఏదనుకున్నారు? ఆ వీడియోనే. గ్రూపు నుంచి గ్రూపుకు పాకి ఎలాగో వాళ్ళకు చేరింది. నాకు అప్పుడు ఏడో నెల. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. మేం చెప్పింది నిజమే, కానీ నిజమని విచారించే పేటెంటు ఆఫీసు అధికారికి అనిపించాలి కదా.

విచారణ కంప్యూటర్ తెర మీద జరిగింది. మునిరత్నం తెల్ల చొక్కా వేసుకుని మా ఆఫీసుకు వచ్చాడు. మాటలన్నీ తమిళంలో నడిచాయి, నేను తెలుగులో రాస్తున్నాను. అవతలి లాయరు వీడియో పెట్టాడు. దారం కోయడం, మగ్గం ఆగడం, ఫోన్ మోగడం అయ్యాక ఆపేసి, "వీధంతా చూసింది. ఇక కొత్తేముంది?" అన్నాడు.

"మిగతాది కూడా పెట్టండి," అన్నాడు అధికారి.

సాంబ్రాణి వచ్చింది. మగ్గం ఆగింది. నవ్వులు. అధికారి ముందుకు వంగి చూశాడు. "ఇప్పుడు దారం తెగిందా?"

దామోదరం గారు మాట్లాడబోతే అధికారి చెయ్యెత్తి ఆపాడు. "మునిరత్నాన్ని చెప్పనీయండి."

"లేదు సార్. పొగ," అన్నాడు మునిరత్నం.

"మీరు దరఖాస్తు పెట్టిన మిషన్ పొగకు ఆగుతుందా?"

"ఆగదు సార్. పొగ తరితో పాటు ఎగరదు."

"అది ఎప్పుడు కనిపెట్టారు?"

"వాళ్ళు నవ్వుతా ఉండారు చూడండి, దాని తర్వాత."

అవతలి లాయరు ఏదో అనబోయి తన కాగితాలు తిరగేసుకున్నాడు. మా తప్పును చూపించడానికి తెచ్చిన వీడియో, మా మిషన్ ఆ రోజుకు ఎంత పచ్చిగా ఉందో చూపించింది. మేం ఫోన్ సంగతి కూడా అడిగి ఉంటే ఆ వీడియో మొదటి సగంతోనే మమ్మల్ని ముంచేది. రెండో సగం వరకూ ఎవరూ ఓపిక పట్టేవారు కాదు.

ఉత్తర్వు వచ్చేసరికి నేను సెలవులో ఉన్నాను. ఆఫీసు వాళ్ళు పంపారు. అభ్యంతరం కొట్టేశారు, పేటెంటు ఇచ్చారు. మునిరత్నానికి నేనే ఫోన్ చేసి చదివి వినిపించాను. వెనక మగ్గాలు కొట్టుకుంటున్నాయి.

"కంపెనీవాళ్ళకి చెప్పన్నా. ఇంక నిన్ను అడక్కుండా ఎవరూ చెయ్యలేరు," అన్నాను.

"చెప్తానమ్మా. ఆ ఫోను సంగతి పోయిందని ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం తినలేదు. పోయింది పోయింది గదా అని అడిగినోళ్ళకంతా నేనే ఏసిచ్చినా. ఇప్పుడు నాలుగు ఈదుల్లో ఉండాది. ఫిట్టర్లు ఊరకనే పరిగెత్తేది తగ్గింది. అది కూడా చెడ్డదేం కాదు... ఉండు ఉండు, నా ఫోను మోగతా ఉండాది. ఆరో షెడ్డులో దారం తెగిందంట, నేనే దగ్గరుండానంట. తర్వాత మాట్లాడతా తల్లీ," అని పెట్టేశాడు.